క్యూ (స్నూకర్, పూల్)

క్యూ అనగా బిలియర్డ్స్, స్నూకర్, పూల్ ఆటలలో బంతిని కొట్టడానికి ఉపయోగించే పొడవైన కర్ర. ఇది వెనుక వైపు లావుగా ఉండి, ముందుకు పోయే కొద్దీ సన్నబడుతుంది. సన్నని చివర తోలుతో చేసిన టిప్ అతికించి ఉంటుంది. ఈ ఆటలన్నీ చూడడానికి ఒకే కుటుంబానికి చెందినవైనా, వాటి బంతుల పరిమాణం, బరువు, బల్ల వైశాల్యం వేరు. అందువలన స్నూకర్‌కు తయారుచేసిన క్యూ, పూల్‌కు తయారుచేసిన క్యూ ఒకే తీరుగా ఉండవు. మన పట్టణాలలోని ఆటశాలలలో స్నూకర్ బల్ల, పూల్ బల్ల తరచు ఒకే కప్పు క్రింద ఉంటాయి. రెండు ఆటలూ ఆడే విద్యార్థి సాధారణంగా ఒక్క క్యూనే కొనగలడు. ఆ ఒక్కటి ఎటువంటిదై ఉండాలో తెలుసుకోవాలంటే రెండు రకాల మధ్య గల భేదాన్ని, దానికి కారణాన్ని గ్రహించాలి.

పేరు, చరిత్ర

ఫ్రెంచి భాషలో "క్యూ" అనే మాటకు తోక అని అర్థం. తొలినాళ్ళలో బంతిని కొట్టడానికి కాక, నెట్టడానికి మేస్ అనే సాధనాన్ని వాడేవారు. దాని ముందు భాగం వెడల్పైన దిమ్మలాగా ఉండేది. బంతి బల్ల అంచుకు ఆనుకొని ఉన్నప్పుడు ఆ దిమ్మ అడ్డు వచ్చేది. అప్పుడు ఆటగాళ్ళు మేస్‌ను తిప్పి పట్టుకొని, దాని పిడి చివరతో, అంటే తోకతో, బంతిని కొట్టేవారు. 17వ శతాబ్దం చివరికి ఈ తోకే ప్రత్యేకమైన సాధనంగా రూపొందింది.

కర్ర కొనతో బంతిని మధ్యలో తప్ప మరొకచోట కొడితే అది జారిపోయేది. 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఫ్రాన్సుకు చెందిన ఫ్రాంస్వా మింగో క్యూ కొనకు తోలు టిప్ అమర్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దానితో బంతిని పైన, క్రింద, పక్కల కొట్టి దానికి స్పిన్ ఇవ్వడం సాధ్యమైంది. టిప్ జారకుండా మొదట మామూలు సుద్దను రుద్దేవారు. ఇప్పుడు వాడే చాక్‌కు మూలమైన మిశ్రమానికి 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ పేటెంటు పొందారు. పేరుకు చాక్ అంటున్నా, అది బడిలో వాడే సుద్ద కాదు. దానిలో సిలికా వంటి గరుకు పదార్థాలు ఉంటాయి.

ఆటల మధ్య భేదాలు

క్యూ స్వరూపాన్ని నిర్ణయించేది ప్రధానంగా అది కొట్టవలసిన బంతి. ముఖ్యమైన ఆటల కొలతలు ఈ క్రింది విధంగా ఉంటాయి.

* స్నూకర్: బంతి వ్యాసం 52.5 మి.మీ. మొత్తం 22 బంతులు. బల్లను 12 అడుగుల బల్ల అని వ్యవహరిస్తారు. ఆడే ప్రదేశం 3569 మి.మీ. పొడవు, 1778 మి.మీ. వెడల్పు.
* ఇంగ్లీషు బిలియర్డ్స్: బల్ల, బంతి వ్యాసం స్నూకర్‌లో వలెనే. బంతులు మాత్రం మూడే.
* అమెరికన్ పూల్ (ఎయిట్‌బాల్, నైన్‌బాల్ మొదలైనవి): బంతి వ్యాసం 57.15 మి.మీ., బరువు 156 నుండి 170 గ్రాములు. 9 అడుగుల బల్లపై ఆడే ప్రదేశం 254 × 127 సెం.మీ.
* ఇంగ్లీషు పూల్: 7 అడుగుల చిన్న బల్ల. బంతి వ్యాసం సుమారు 51 మి.మీ. కొన్ని బల్లలపై తెల్ల బంతి ఇంకా చిన్నది, సుమారు 48 మి.మీ.
* చైనీస్ ఎయిట్‌బాల్ (హేబాల్): అమెరికన్ పూల్ బంతులే వాడతారు. బల్ల మాత్రం స్నూకర్ బల్ల పద్ధతిలో, గుండ్రని అంచులు గల ఇరుకైన పాకెట్లతో ఉంటుంది.

స్నూకర్ బంతికి, అమెరికన్ పూల్ బంతికి వ్యాసంలో తేడా ఐదు మిల్లీమీటర్లకు లోపే. ఇది స్వల్పమని తోచవచ్చు. కాని గోళం ఘనపరిమాణం వ్యాసం యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఉన్నత పాఠశాలలో చదువుకుంటాము. 57.15ను 52.5తో భాగిస్తే సుమారు 1.09 వస్తుంది. దాని ఘనం సుమారు 1.29. అనగా పూల్ బంతి ఘనపరిమాణంలో స్నూకర్ బంతి కన్న దాదాపు 29 శాతం పెద్దది. స్నూకర్ బంతి బరువు సాధారణంగా 140 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. అందువలన పూల్ బంతి బరువులోనూ స్పష్టంగా ఎక్కువే. సన్నని క్యూతో పూల్ బంతిని మొదటిసారి కొట్టినవారికి చేతికి తెలిసే బరువు ఇదే.

క్యూలోని భాగాలు

* టిప్: బంతిని తాకే తోలు భాగం. కొన్ని టిప్‌లు ఒకే తోలు ముక్కను అదిమి చేసినవి. మరికొన్ని పలుచని తోలు పొరలను ఒకదానిపై ఒకటి అతికించి చేసినవి.
* ఫెర్రూల్: టిప్ క్రింద కర్ర చివరను చుట్టి ఉండే చిన్న గొట్టం. దెబ్బ తగిలినప్పుడు కర్ర చీలిపోకుండా కాపాడుతుంది. స్నూకర్ క్యూలకు ఇది ఇత్తడితో, పూల్ క్యూలకు ఎక్కువగా ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేస్తారు.
* షాఫ్ట్: ఎడమ చేతి వ్రేళ్ళ మధ్య (ఎడమచేతి వాటం వారికి కుడిచేతి వ్రేళ్ళ మధ్య) జారే సన్నని భాగం.
* జాయింట్: రెండు ముక్కల క్యూలో మర బిగించే చోటు.
* బట్: చేతితో పట్టుకొనే లావైన వెనుక భాగం.

స్నూకర్ క్యూ, పూల్ క్యూ

స్నూకర్ క్యూ షాఫ్ట్ యాష్ లేదా మేపుల్ కర్రతో చేస్తారు. యాష్ కర్రలో గీతలు బాణపు ములుకుల ఆకారంలో స్పష్టంగా కనిపిస్తాయి. మేపుల్ నునుపుగా, గీతలు అంతగా కనిపించకుండా ఉంటుంది. బట్ భాగానికి ఎబొనీ అనే నల్లని బరువైన చేవను వాడడం పరిపాటి. ఇది మన తునికి చెట్టు ప్రజాతికే చెందినది. స్నూకర్ క్యూ పొడవు సాధారణంగా 57-58 అంగుళాలు (145-147 సెం.మీ.), బరువు 17-19 ఔన్సులు (480-540 గ్రాములు), టిప్ వ్యాసం 9-10 మి.మీ. షాఫ్ట్ మొదటి నుండి చివరి వరకు క్రమంగా సన్నబడుతూ పోతుంది. బట్ చివర ఒక వైపు చదునుగా చెక్కి ఉంటుంది. దీనివలన ఆటగాడు చూడకుండానే ప్రతిసారీ క్యూను ఒకే వైపుగా పట్టుకోగలడు.

అమెరికన్ పూల్ క్యూకు మేపుల్ కర్ర వాడతారు. ఇటీవలి కాలంలో కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు కూడా విరివిగా వచ్చాయి. పొడవు సుమారు 58 అంగుళాలు, బరువు 18-21 ఔన్సులు (510-595 గ్రాములు), టిప్ వ్యాసం 12-13 మి.మీ. షాఫ్ట్ ముందు భాగం కొంత దూరం వరకు దాదాపు ఒకే లావులో ఉంటుంది. అందువలన చూపుడు వ్రేలిని క్యూ చుట్టూ ఉంగరంలాగా మడిచి పట్టుకొనే పద్ధతికి ఇది అనువైనది. స్నూకర్ ఆటగాళ్ళు మాత్రం క్యూను బొటనవ్రేలికి, చూపుడు వ్రేలికి మధ్య గల సందులో ఆనించి ఆడతారు. పూల్ క్యూ సరిగ్గా మధ్యలో రెండు ముక్కలుగా విడిపోతుంది. పట్టుకొనే చోట నారదారం చుట్టడం వాడుక.

ఇంగ్లీషు పూల్ క్యూ పూర్తిగా స్నూకర్ క్యూ పోలికలోనే ఉంటుంది. బంతి చిన్నది కనుక టిప్ కూడా చిన్నది, 8 నుండి 9 మి.మీ. వరకు ఉంటుంది.

టిప్ వ్యాసం ప్రాముఖ్యం

టిప్ వెడల్పు ఎంత ఉన్నా, అది బంతిని తాకేది కొద్ది మిల్లీమీటర్ల మేర మాత్రమే. టిప్ పై భాగాన్ని గోపురంలాగా గుండ్రంగా తీర్చడం ఇందువల్లనే. బంతికి ఎంత స్పిన్ వస్తుందనేది టిప్ వెడల్పు మీద కాక, బంతి కేంద్రానికి ఎంత దూరంలో కొట్టామనే దాని మీద ఆధారపడుతుంది. ఈ దూరం బంతి వ్యాసార్ధంలో సుమారు సగం దాటితే టిప్ జారిపోతుంది. కనుక సన్నని టిప్‌తో స్పిన్ ఎక్కువ వస్తుందనే అభిప్రాయం పూర్తిగా సరికాదు. సన్నని టిప్ వలన కలిగే మేలు ఏమంటే, బంతిని ఏ బిందువు వద్ద కొడుతున్నామో కంటికి స్పష్టంగా కనిపించడం.

ఈ విషయాన్ని నిష్పత్తి రూపంలో చూడవచ్చు. 9.5 మి.మీ. టిప్ స్నూకర్ బంతి వ్యాసంలో 18 శాతం. అదే నిష్పత్తి పూల్ బంతికి రావాలంటే టిప్ 10.3 మి.మీ. ఉంటే చాలు. కాని 13 మి.మీ. టిప్‌ను స్నూకర్ బంతి ముందు ఉంచితే అది వ్యాసంలో దాదాపు నాలుగవ వంతును కప్పివేస్తుంది. ఇంగ్లీషు పూల్‌లోని చిన్న తెల్ల బంతి ముందు 27 శాతం కప్పుతుంది. అందుచేత స్నూకర్ క్యూతో పూల్ ఆడడం కన్న, పూల్ క్యూతో స్నూకర్ ఆడడం చాలా కష్టం. 12 అడుగుల బల్లపై దూరపు బంతిని పాకెట్‌లో వేయవలసి వచ్చినప్పుడు ఈ కష్టం బాగా తెలుస్తుంది.

రెండవ విషయం డిఫ్లెక్షన్. తెల్ల బంతిని కేంద్రానికి కుడి వైపున కొడితే, అది గురిపెట్టిన గీతకు కొంచెం ఎడమగా బయలుదేరుతుంది. ఎడమ వైపున కొడితే కుడిగా పోతుంది. ఎంత పక్కకు పోతుందనేది క్యూ ముందు భాగపు బరువు మీద ఆధారపడుతుంది. కొన తేలికైన కొద్దీ ఈ తప్పుదారి తగ్గుతుంది. ప్రతి క్యూకూ ఈ లక్షణం వేరువేరుగా ఉంటుంది. ఆటగాడు నెలల తరబడి సాధన చేసి, తన క్యూ ఎంత పక్కకు తోస్తుందో లెక్కవేసి గురిపెట్టడం నేర్చుకుంటాడు. క్యూ మార్చిన రోజున ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. రెండు ఆటలకూ ఒకే క్యూ ఉంచుకోవడంలోని అసలైన ప్రయోజనం డబ్బు ఆదా మాత్రమే కాదు, ఈ అలవాటు చెడకుండా ఉండడం.

ఒకే క్యూతో రెండు ఆటలు

ఏ ఆటలు ఆడుతున్నామనే దానిని బట్టి సమాధానం మారుతుంది.

1. స్నూకర్, ఇంగ్లీషు పూల్: బంతుల తేడా స్వల్పం. 9-9.5 మి.మీ. టిప్ గల స్నూకర్ క్యూ రెండింటికీ చక్కగా సరిపోతుంది. బిలియర్డ్స్‌కు కూడా ఇదే చాలు.
2. స్నూకర్ ఎక్కువ, అమెరికన్ పూల్ తక్కువ: 10 మి.మీ. ప్రాంతంలో టిప్, ఇత్తడి ఫెర్రూల్, 18-19 ఔన్సుల బరువు గల స్నూకర్ క్యూ మంచిది. పూల్ బంతిని సాధారణ వేగంతో కొట్టడానికి ఇది తట్టుకుంటుంది.
3. రెండూ సమానంగా: 10.5-11 మి.మీ. టిప్ గల, కొంచెం బిగువైన షాఫ్ట్ ఉన్న క్యూ తీసుకోవాలి. చైనీస్ ఎయిట్‌బాల్‌లో పెద్ద బంతులు, ఇరుకైన పాకెట్లు రెండూ ఉన్నందున, ఆ ఆటకు ఇటువంటి మధ్యరకం క్యూలు తయారవుతున్నాయి. స్నూకర్‌లో సూక్ష్మత కొంచెం తగ్గినా, ఆడలేనంత ఇబ్బంది ఉండదు.
4. అమెరికన్ పూల్ ఎక్కువ, స్నూకర్ అరుదు: పూల్ క్యూనే కొని, స్నూకర్ ఆడిన రోజున ఆటశాలలో ఉండే క్యూ వాడుకోవడం మేలు.

ఏ సందర్భంలోనైనా ఒక నియమం తప్పక పాటించాలి. అమెరికన్ పూల్‌లో ఆట ప్రారంభించే బ్రేక్ దెబ్బను స్నూకర్ క్యూతో కొట్టరాదు. స్నూకర్‌లో బ్రేక్ సున్నితంగా సాగుతుంది. పూల్‌లో గుంపుగా పేర్చిన బరువైన బంతులను బలం కొద్దీ చెదరగొట్టాలి. ఆ దెబ్బలకు మెత్తని టిప్ అణగి అంచులు పుట్టగొడుగులాగా వెలుపలికి వస్తాయి. ఇత్తడి ఫెర్రూల్ వదులు కావచ్చు. సన్నని యాష్ కర్ర చీలవచ్చు కూడా. వృత్తిగా ఆడే పూల్ ఆటగాళ్ళు సైతం బ్రేక్‌కు గట్టి టిప్ గల వేరే క్యూ వాడతారు. విద్యార్థికి వేరే క్యూ కొనవలసిన పని లేదు. ఆటశాల గోడకు ఉన్న క్యూతో బ్రేక్ కొట్టి, తరువాత తన క్యూ తీసుకుంటే చాలు. బంతిని ఎగిరించే జంప్ దెబ్బకు కూడా ఇదే వర్తిస్తుంది. స్నూకర్‌లో జంప్ దెబ్బ ఎలాగూ ఫౌల్.

కొనే ముందు పరీక్షించవలసినవి

* వంకర: బట్ చివరను కంటి దగ్గర ఉంచి, క్యూను నెమ్మదిగా తిప్పుతూ దాని పొడవునా చూడాలి. బల్లపై దొర్లించి చూసే పద్ధతి స్నూకర్ క్యూకు అంతగా నమ్మదగినది కాదు. బట్ ఒక వైపు చదునుగా ఉండడం వలన తిన్ననైన క్యూ కూడా ఎగుడుదిగుడుగా దొర్లుతుంది.
* గీతలు: యాష్ షాఫ్ట్‌లో గీతలు పొడవునా తిన్నగా సాగాలి. గీతలు అడ్డంగా పోయి షాఫ్ట్ పక్కకు తేలిన చోట కర్ర బలహీనంగా ఉంటుంది.
* పొడవు: నిటారుగా నిలబెట్టిన క్యూ కొన భుజానికి, గడ్డానికి మధ్య వస్తే సుమారుగా సరిపోయినట్లు. ఇంతకన్న మంచి పరీక్ష బల్ల వద్ద వంగి చూడడం. టిప్ బంతిని తాకే క్షణంలో వెనుక ముంజేయి నిలువుగా ఉండి, చేతి వెనుక క్యూ కొంత మిగిలి ఉండాలి.
* బరువు, తూకం: బరువు ఎంత అనే దానికన్న అది ఎక్కడ ఉందనేది ముఖ్యం. క్యూను వ్రేలిపై నిలిపితే, బట్ చివర నుండి సుమారు 16-18 అంగుళాల వద్ద తూగడం మామూలు.
* జాయింట్: ఒకే ముక్క క్యూకు జాయింట్ బెడద లేదు. కాని దాదాపు ఐదడుగుల కర్రను బస్సులోనో, స్కూటరుపైనో తీసుకుపోవడం కష్టం. మధ్యలో విడిపోయే క్యూ ప్రయాణానికి సులభం. బట్ దగ్గర మాత్రమే విడిపోయే "త్రీ క్వార్టర్" క్యూలో షాఫ్ట్ అఖండంగా ఉంటుంది. పెట్టె మాత్రం పొడవుగా ఉంటుంది. మర బిగించిన తరువాత తట్టి చూస్తే గలగలమనరాదు.

అలంకారాన్ని బట్టి క్యూను ఎన్నుకోవడం కొత్తవారు చేసే సాధారణమైన పొరపాటు. బట్‌పై పొదిగిన రంగు చెక్కల వలన ధర పెరుగుతుంది గాని ఆట పెరగదు. ధరలో ఎక్కువ భాగం షాఫ్ట్ నాణ్యతకు పోవాలి. స్నూకర్‌లో 7 సార్లు ప్రపంచ విజేత అయిన స్టీఫెన్ హెండ్రీ ఆ విజయాలన్నీ చిన్నతనంలో కొన్న ఒక చవక క్యూతోనే సాధించాడు. 2003లో విమాన ప్రయాణంలో ఆ క్యూ విరిగిపోయింది.

నియమాలు

స్నూకర్ నియమావళి ప్రకారం క్యూ పొడవు 3 అడుగులకు (914 మి.మీ.) తగ్గరాదు. సంప్రదాయంగా వస్తున్న, క్రమంగా సన్నబడే ఆకారం మారరాదు. ప్రపంచ పూల్ సంఘం నిబంధనల ప్రకారం క్యూ పొడవు కనీసం 40 అంగుళాలు (101.6 సెం.మీ.), బరువు గరిష్ఠంగా 25 ఔన్సులు (సుమారు 709 గ్రాములు), టిప్ వెడల్పు గరిష్ఠంగా 14 మి.మీ. ఉండాలి. టిప్‌కు కనీస వెడల్పు నిర్ణయించలేదు. ఫెర్రూల్ లోహంతో చేసినదైతే దాని పొడవు ఒక అంగుళం మించరాదు. కనుక మామూలు స్నూకర్ క్యూతో పూల్ పోటీలో ఆడడానికి నిబంధనలు అడ్డురావు.

సంరక్షణ

కర్ర గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండకు తేమ కోల్పోయి బిగుస్తుంది. కోస్తా జిల్లాల ఉక్కలో గాని, రాయలసీమ, తెలంగాణ వేసవి ఎండలో గాని క్యూను నిర్లక్ష్యంగా ఉంచితే వంగిపోతుంది. ఎండలో నిలిపిన కారులో క్యూను వదలరాదు. గోడకు ఏటవాలుగా ఆనించి ఉంచరాదు. పెట్టెలో పెట్టి పరుండబెట్టాలి, లేదా నిటారుగా వ్రేలాడదీయాలి. ఆట ముగిసిన తరువాత చెమట, చాక్ పొడి పోయేలా పొడిబట్టతో తుడవాలి. షాఫ్ట్‌ను గరుకు కాగితంతో తరచు రుద్దితే కర్ర అరిగి సన్నబడుతుంది. టిప్ అరిగి ఫెర్రూల్‌కు దగ్గరగా వస్తే మార్చవలసి ఉంటుంది. లేనిచో ఇత్తడి బంతికి తగిలి రెండూ పాడవుతాయి. కొత్త టిప్ కూడా పాతదాని వ్యాసంలోనే, అదే మెత్తదనంలో ఉంటే అలవాటు చెడదు.

రెండు ఆటలలో రాణించినవారు

1980లలో 6 సార్లు ప్రపంచ స్నూకర్ విజేత అయిన ఇంగ్లండు ఆటగాడు స్టీవ్ డేవిస్, 1994 నుండి 2004 మధ్య మోస్కోనీ కప్ పూల్ పోటీలలో యూరప్ జట్టు తరఫున ఆడాడు. మహిళల స్నూకర్‌లో పలుమార్లు ప్రపంచ విజేత అయిన ఆలిసన్ ఫిషర్ 1995లో అమెరికాకు వెళ్ళి, నైన్‌బాల్ పూల్‌లో 4 సార్లు ప్రపంచ విజేత అయింది. మార్క్ సెల్బీ 2006లో ఇంగ్లీషు తరహా ఎయిట్‌బాల్‌లో ప్రపంచ విజేత అయి, తరువాత 2014, 2016, 2017, 2021 సంవత్సరాలలో ప్రపంచ స్నూకర్ టైటిల్ గెలుచుకున్నాడు. ఒక ఆటలో అలవడిన గురి, నిలకడ రెండవ ఆటలో వృథా పోవని వీరి చరిత్ర తెలుపుతుంది.

భారతదేశంలో

స్నూకర్ పుట్టినిల్లు భారతదేశమే. 1875లో జబల్పూరులో బ్రిటిషు సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్ ఈ ఆటను రూపొందించినట్లు చెబుతారు. తరువాత ఊటీలోని క్లబ్బులో దీని నియమాలు స్థిరపడ్డాయి. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. ఓం అగర్వాల్ 1984లో, పంకజ్ అద్వానీ 2003లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ విజేతలయ్యారు. 2009లో ఈ ప్రపంచ స్నూకర్ పోటీలు హైదరాబాదులో జరిగాయి. ఇంగ్లండుకు చెందిన ఆల్ఫీ బర్డెన్ అందులో విజేతగా నిలిచాడు.